డర్బన్‌లో ఆర్మ్‌డ్ రెస్పాన్స్: పదకొండేళ్ల చందాదారు మాట

2014లో ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చి వెస్ట్‌విల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు, యజమాని తాళాలతో పాటు చిన్న రిమోటు కూడా చేతిలో పెట్టాడు. ఎర్ర బటన్ నొక్కితే ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ నుంచి తుపాకీ ఉన్న మనిషి వస్తాడన్నాడు. ఆర్మ్‌డ్ రెస్పాన్స్ అంటే ఇదే. రాత్రిపూట కర్ర చప్పుడు చేస్తూ తిరిగే గూర్ఖాను చూస్తూ కాకినాడలో పెరిగినవాడిని. నెలకు 380 రాండ్లు కట్టి ఇంటికి తుపాకీని పిలిపించుకోవడం మొదట్లో మింగుడు పడలేదు. ఇప్పుడు 590 కడుతున్నాను, మానాలన్న ఆలోచన లేదు.

రోజువారీ వాడకంలో దీనికి పెద్ద శత్రువులు దొంగలు కారు, కోతులు. అరటిపండ్ల వాసనకు వరండాలోకి వస్తాయి, సెన్సర్ మోగుతుంది. వెంటనే కంట్రోల్ రూమ్ నుంచి ఫోను వస్తుంది, పాస్‌వర్డ్ అడుగుతారు. మాది ఒకప్పుడు ‘గోదావరి’. తప్పు పదం చెప్పినా, ఫోను ఎత్తకపోయినా బండి బయలుదేరుతుంది. 2022లో గంటల తరబడి కరెంటు కోతలు నడిచినప్పుడు అలారం బ్యాటరీ చచ్చిపోయింది. దాన్ని మార్చడానికి మా కంపెనీ తొమ్మిది రోజులు తీసుకుంది. ఆ తొమ్మిది రాత్రులు నేను సరిగా నిద్రపోలేదు.

అసలు పరీక్ష 2018లో ఎదురైంది. రాత్రి రెండు దాటాక వెనుక కంచె తీగ తెగిన శబ్దం వినిపించింది. కిటికీలోంచి చూస్తే ఇద్దరు. పిల్లలను స్నానాలగదిలోకి తోసి బటన్ నొక్కాను. పోలీసుల అత్యవసర నంబరుకూ చేశాను, అది మోగుతూనే ఉంది. ఐదో నిమిషంలో గేటు బయట లైటు పడింది. ఒక్కడే వచ్చాడు. ఒంటిమీద తూటాలు ఆపే చొక్కా, చేతిలో పిస్తోలు. గట్టిగా అరిచాడంతే, వాళ్లు గోడ దూకి పారిపోయారు. ఒక్క తూటా పేలలేదు. ఆ పిస్తోలు లేకుండా ఆ మనిషిని ఆ చీకట్లోకి పంపమని అడిగే హక్కు నాకు ఉందా? పోలీసులు తెల్లవారాక వచ్చి, బీమా కోసం కేసు నంబరు ఇచ్చి వెళ్లారు.

అందుకే 2025 మార్చి 28న ఇక్కడి అప్పటి పోలీసు మంత్రి సెంజో మ్చూను ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీలపై వెలువరించిన ముసాయిదా నిబంధనలు చదివి కలవరపడ్డాను. మాల్స్, ఆస్పత్రులు, పాఠశాలలు, చర్చిలు, ట్యాక్సీ స్టాండ్ల వంటి చోట్ల గార్డులకు తుపాకులు ఇవ్వడంపై కట్టడి. తూటాలు ‘సహేతుకమైన’ సంఖ్యలోనే ఉండాలట, ఆ సంఖ్య ఎంతో రాయలేదు. రబ్బరు తూటాలు, కరెంటు షాక్ కొట్టే టేజర్లు, బాష్పవాయువు ముందస్తు మినహాయింపు లేకుండా వాడకూడదట. నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచింది ఈ చివరిదే. ప్రాణం తీయకుండా ఆపే సాధనాలను లాక్కుంటే గార్డుకు మిగిలేవి రెండే: అసలు తూటా, వట్టి చేయి. గుంపు మీదికి వస్తున్నప్పుడు ఏది ఎంచుకోమంటారు?

ముసాయిదా వచ్చిన రెండు రోజులకే ఉగాది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది పూర్వీకులు 1860 తర్వాత చెరకు తోటల కూలీలుగా ఓడల్లో వచ్చినవాళ్లు. వాళ్ల నాలుగో తరం పిల్లలతో కలిసి గుడిలో పచ్చడి తింటుంటే, గేటు దగ్గర నడుముకు తుపాకీతో గార్డు నిలబడి ఉన్నాడు. అతణ్ని చూసి భయపడినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. 2024-25లో పాతిక వేలకు పైగా హత్యలు జరిగిన దేశమిది. పోలీసులు రెండు లక్షలలోపే, నమోదై పనిచేస్తున్న గార్డులు ఐదు లక్షలకు పైనే.

2021 జులై అల్లర్లలో డర్బన్‌లో మాల్స్ లూటీ అవుతుంటే మా వీధి మొగలో అడ్డుగా నిలిచింది రెండు కంపెనీల బండ్లు. మూడో రోజుకు వాళ్ల దగ్గర రబ్బరు తూటాలు అయిపోయాయి. ఆ సాయంత్రం మా పక్కింటి పెద్దాయన, నేను తోట గొట్టాలు పట్టుకుని కూర్చున్నాం, నిప్పు పెడితే ఆర్పడానికి.

ఆ వారంలోనే డర్బన్ శివారు ఫీనిక్స్ పరిసరాల్లో 36 మంది ప్రాణాలు పోయాయి. ప్రైవేటు తుపాకుల మీద అప్పుడు లేచిన ప్రశ్నలు న్యాయమైనవి, వాటిని దాటవేయను. నేర చరిత్ర ఉన్నవాడికి తుపాకీ ఇచ్చిన కంపెనీ లైసెన్సు రద్దు చేయండి. ఏటా శిక్షణ పెట్టండి, మానసిక పరీక్ష పెట్టండి. అందుకు నా నెల చందా వంద రాండ్లు పెరిగినా కడతాను. పేలిన ప్రతి తూటాకూ లెక్క అడగండి. కానీ చోటు పేరు చెప్పి అందరి నడుము నుంచీ తుపాకీ తీయించకండి. ముసాయిదాపై అభిప్రాయాలకు ఇచ్చిన ఏప్రిల్ 25 గడువులోపు మంత్రిత్వ శాఖకు నేను పంపిన పేజీన్నర ఉత్తరంలో రాసింది ఇదే.

సేవకు నా మార్కులు ఐదుకు నాలుగు. ఆ ఒక్కటీ బ్యాటరీకి తగ్గించాను. కొత్తగా తీసుకునేవాళ్లు నెలకోసారి బటన్ నొక్కి చూడండి, వచ్చిన సమయం రాసి పెట్టుకోండి. మాకు మొన్న ఆదివారం ఆరు నిమిషాలు పట్టింది.