ఫోన్ సిమ్‌తో ఇంటి ఇంటర్నెట్ అని అంటగడుతున్నారు, ఫైబర్ వైరు పీకించకండి

మొబైల్ షాపుల్లో ఇప్పుడు ఏం నడుస్తోందో మీకు తెలిసిందే. "కేబుల్ వాళ్ల చుట్టూ ఎందుకు తిరుగుతారు సార్, 5జీ రౌటర్ పెట్టి సిమ్ వేయండి, అన్‌లిమిటెడ్, ఇంటిల్లిపాదికీ సరిపోతుంది" అంటున్నారు. ఆ మాట మీద రౌటర్, సిమ్, రీచార్జి, వాటితో పాటు ఒక వైఫై కెమెరా, అన్నీ ఒకే బిల్లు మీద కొన్నాం. ఫైబర్ తీయించేశాం. నెల తిరక్కముందే నెట్ పడిపోయింది. డబ్బు వెనక్కి రాలేదు.

నన్ను మండించింది డబ్బు పోవడం కాదు, కౌంటర్ దగ్గర జరిగింది. నెట్ ఎందుకు ఆగిందని అడిగితే అక్కడ కూర్చున్నతను స్క్రీన్ మా వైపు తిప్పి, పక్కన జనం వింటుండగా, "ఇది కమర్షియల్ వాడకం సార్. ఇంట్లో ఏం బిజినెస్ నడుపుతున్నారు?" అన్నాడు. దొంగను నిలదీసినట్టు అడిగాడు. ఇంట్లో ఏ వ్యాపారమూ లేదు. వాళ్లే అమ్మిన కెమెరా ఉంది. వాళ్ల కుర్రాడే వచ్చి గేటు మీద బిగించాడు. వాడే యాప్‌లో క్లౌడ్ రికార్డింగ్ (వీడియోను నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కు పంపి దాచడం) "కంటిన్యువస్", అంటే ఆగకుండా నడిచేలా పెట్టి, ఆ చందా కూడా మా చేత కట్టించి వెళ్లాడు. డేటా మొత్తం తాగేసింది అదే.

లెక్క చూడండి. 1080పి కెమెరా పొదుపుగా పంపినా దాదాపు 1 ఎంబీపీఎస్ (సెకనుకు 1 మెగాబిట్, 8 మెగాబిట్లు కలిస్తే 1 ఎంబీ) అప్‌లోడ్ చేస్తుంది. అంటే గంటకు 450 ఎంబీ, రోజుకు 10.8 జీబీ, 30 రోజులకు 324 జీబీ. మాకిచ్చిన ప్లాన్ షరతుల్లో 30 రోజులకు 300 జీబీ దాటితే కమర్షియల్ వాడకం కింద లెక్కిస్తామని ఉంది. అంటే ఇంట్లో ఎవరూ ఫోన్ ముట్టకపోయినా, టీవీ పెట్టకపోయినా, ఒక్క కెమెరాతోనే గీత దాటుతుంది. అప్‌లోడ్ కూడా డేటాలోకే వస్తుంది, డౌన్‌లోడ్ ఒక్కటే కాదు. కెమెరా, ప్లాన్ రెండూ అమ్మేవాడికి ఈ గుణకారం తెలియకుండా ఉండదు. తెలిసే అమ్మాడు, పైగా మనల్నే నిలదీశాడు.

గీత దాటాక 5జీ అన్‌లిమిటెడ్ ఆగిపోయి, ప్లాన్‌లో రాసి ఉన్న రోజుకు 2 జీబీ మాత్రమే మిగిలింది. అది అయిపోతే 64 కేబీపీఎస్. ఆ వేగంతో 1 జీబీ ఫైలు దిగాలంటే సుమారు 35 గంటలు పడుతుంది. వాట్సాప్‌లో రాత వెళ్తుంది, ఫొటో నత్తనడకన వెళ్తుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసు గురించి చెప్పక్కర్లేదు.

రౌటర్ వెనక్కి తీసుకోమంటే "సీలు తీశారు, తీసుకోం, రౌటర్ బాగానే పనిచేస్తోంది కదా, ప్లాన్ సంగతి కంపెనీని అడగండి" అన్నారు. కంపెనీకి ఫోన్ చేస్తే "మేమిచ్చింది మొబైల్ ప్లాన్, రౌటర్ మేం అమ్మలేదు" అన్నారు. ఇద్దరి మాటా కాగితం మీద నిజమే, అందుకే ఎవరినీ తేలిగ్గా పట్టుకోలేం. ఈ అమ్మకంలో ఉన్న కిటుకే అది.

రోజుకు సగటున 10 జీబీ లోపు ఉంటేనే ఆ 300 దాటకుండా నెల గడుస్తుంది. ఒక కుటుంబం ఎంత వాడుతుందో చూడండి. నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా తీసుకుంటుందని ఆ సంస్థే చెబుతోంది. సాయంత్రం పూట టీవీలో ఒక సినిమా, ఇంకో గదిలో ఎవరిదో ఆఫీసు వీడియో కాల్, పిల్లల ఫోన్లలో రీల్స్ నడిస్తే ఆ రోజు కోటా అయిపోయినట్టే. విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి వస్తే ఒక్కో కంప్యూటర్‌కు కొన్ని జీబీలు. గేమ్ కన్సోల్ ఉన్న ఇల్లయితే ఒక్క గేమే 100 జీబీ ఉండొచ్చు. ఫైబర్ మీద ఇవేవీ లెక్క చూసుకోం, ఎందుకంటే అక్కడ చాలా ప్లాన్లలో నెల పరిమితి 3,300 జీబీ. వైరు లేకుండా టవర్ నుంచే నెట్ ఇస్తూ, ఇంటి కోసమే అమ్మే ఎయిర్‌ఫైబర్ ప్లాన్లలో మామూలుగా 1,000 జీబీ ఉంటుంది. ఆ ఎయిర్‌ఫైబర్ వేరు, ఫోన్ సిమ్ తీసి రౌటర్‌లో దోపడం వేరు. షాపులో రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తారు, ఒకటే అనుకుని కొనకండి.

ఇక డెమో సంగతి. షాపు కుర్రాడు పొద్దున పదకొండింటికి వచ్చి, కిటికీ పక్కన నిలబడి, తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి 300 ఎంబీపీఎస్ చూపిస్తాడు. ఆ అంకె అబద్ధం కాదు. కానీ ఆ టవర్ సెక్టార్ (టవర్ మీద ఒక దిక్కుకు తిప్పిన యాంటెన్నా) కింద ఉన్న వాళ్లంతా ఒకే రేడియో తరంగాలను పంచుకుంటారు. రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్య, అందులోనూ క్రికెట్ ఉన్న రోజు, అదే రౌటర్ 5, 10 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు, పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) 200 మిల్లీసెకన్లు దాటొచ్చు. ఆఫీసు కాల్‌లో మాట తెగేది అప్పుడే. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి, 300 ఎంబీపీఎస్ దగ్గర 15 సెకన్ల టెస్ట్ అంటేనే దాదాపు 560 ఎంబీ ఖర్చు. మీ సిమ్ మీద నాలుగైదు సార్లు చూపిస్తే ఆ డేటా కూడా మీదే.

సిగ్నల్ గీతలు చూసి నమ్మకండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో *#*#4636#*#* కొడితే చాలా మోడళ్లలో అసలు అంకెలు కనిపిస్తాయి. రౌటర్‌లో అయితే అడ్మిన్ పేజీలో, అంటే బ్రౌజర్‌లో తెరిచే సెట్టింగుల పేజీలో ఉంటాయి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ నుంచి అందే సిగ్నల్ బలం) మైనస్ 80 చుట్టూ ఉంటే బాగున్నట్టు, మైనస్ 100 కంటే కిందికి పోతే నీరసం, మైనస్ 110 దగ్గర పెట్టుకోవడం దండగ. దానితో పాటు ఎస్‌ఐఎన్‌ఆర్ (సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే అంకె) చూడాలి: 20 పైన ఉంటే చాలా మంచిది, సున్నా దగ్గరకు వస్తే సిగ్నల్ గట్టిగా ఉన్నా వేగం రాదు, ఎందుకంటే పక్క టవర్ల గోల అందులో కలిసిపోతోంది. మన దగ్గర 5జీ వేగం ఎక్కువగా 3,300 మెగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే ఎన్78 మీద వస్తుంది. అది ఆర్‌సీసీ గోడను సరిగా దాటదు. కిటికీ దగ్గర మైనస్ 85 ఉన్నది లోపలి గదిలో మైనస్ 105 కావడం మామూలే. 700 మెగాహెర్ట్జ్ ఎన్28 గోడలు దాటుతుంది కానీ అంత వేగం ఇవ్వదు. అందుకే రౌటర్‌ను టవర్ వైపు కిటికీలోనే పెట్టి, అక్కడి నుంచి లోపలికి ల్యాన్ వైరు లాగి ఇంకో చిన్న వైఫై రౌటర్ పెట్టుకోవాలి. హాలు మధ్యలో టీవీ కింద అలంకారంగా పెట్టి వెళ్లే కుర్రాడికి పని తెలియదు.

సిగ్నల్ నీరసంగా ఉంటే ఇంకో నష్టం కూడా ఉంది. రౌటర్ చెప్పాపెట్టకుండా 4జీకి జారుతుంది. అన్‌లిమిటెడ్ 5జీకి మాత్రమే. 4జీలో వాడిన ప్రతి ఎంబీ రోజువారీ 2 జీబీలోంచి తరుగుతుంది. రాత్రి పన్నెండు దాటగానే కొత్త కోటా వస్తుంది, తెల్లారేసరికి కెమెరా మొత్తం తినేస్తుంది. "5జీ ఓన్లీ" పెట్టేయండి అని షాపువాళ్లు సలహా ఇస్తారు. జియో 5జీ స్వతంత్రంగా, అంటే ఎస్‌ఏ పద్ధతిలో నడుస్తుంది కాబట్టి అక్కడ అది కుదురుతుంది. ఎయిర్‌టెల్ మొబైల్ 5జీ మొదలైంది ఎన్‌ఎస్‌ఏ పద్ధతిలో. ఎన్‌ఎస్‌ఏలో 4జీ ఆసరా లేనిదే 5జీ పట్టదు, ఆ సెట్టింగ్ పెడితే ఉన్న నెట్ కూడా పోతుంది. ఇది తెలియకుండా సెట్టింగులు మార్చి "టవర్ ప్రాబ్లమ్" అని చెప్పి పోతున్నారు.

అదే షాపు అరలో ఇంకో మోసం కూడా చూశాను. రెండు మూడు వేలకు దొరికే 4జీ రౌటర్ డబ్బా మీద పెద్దక్షరాల్లో "5జీ" అని ఉంటుంది. అది 5 గిగాహెర్ట్జ్ వైఫై. ఇంటి లోపల వైఫై వాడే తరంగం అది, సిమ్ నెట్‌వర్క్‌తో దానికి సంబంధం లేదు. ఆ రౌటర్‌లో సిమ్ వేస్తే అన్‌లిమిటెడ్ అనేదే ఉండదు, మొదటి రోజు నుంచే 2 జీబీ. డబ్బా వెనక "5జీ ఎన్‌ఆర్" అని, బ్యాండ్ల వరుసలో ఎన్78, ఎన్28 అని ఉంటేనే అది నిజమైన 5జీ రౌటర్. అది ఉన్నా హామీ లేదు. ప్రతి ఫోన్‌కూ, సిమ్ రౌటర్‌కూ ఉండే గుర్తింపు నంబరు ఐఎంఈఐ. అందులో మొదటి 8 అంకెలు అది ఫోనా, రౌటరా, ఏ మోడల్ అన్నది నెట్‌వర్క్‌కు చెప్పేస్తాయి. ఫోన్‌కిచ్చిన ప్లాన్‌ను రౌటర్‌లో ఆపాలనుకుంటే ఆపేయగలరు.

రౌటర్ ఎందుకు, ఫోన్ హాట్‌స్పాటే చాలు అనేవాళ్లకు కూడా ఒక మాట. రోజంతా చార్జింగ్‌లో పెట్టి హాట్‌స్పాట్ నడిపితే ఫోన్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, వేసవిలో ఇంకా తొందరగా. అలా నెలల తరబడి నడిపితే బ్యాటరీ ఉబ్బొచ్చు. బ్యాక్ కవర్ పైకి లేచిందంటే ఆ ఫోన్ ఇంట్లో ఉంచకూడదు. చాలా ఫోన్లలో హాట్‌స్పాట్‌కు పది పరికరాలే పడతాయి కూడా.

బ్యాంకుకు లింక్ అయిన నంబరు సిమ్‌ను మాత్రం రౌటర్‌లో వేయకండి. ఓటీపీలు రౌటర్‌లోకి వెళ్తాయి. 192.168.1.1 లాంటి అడ్మిన్ పేజీలో ఎస్‌ఎంఎస్ పెట్టె ఉన్న మోడల్ అయితే అక్కడ చదవొచ్చు, లేకపోతే ఆ ఓటీపీ ఎప్పటికీ చూడలేం. యూపీఐ యాప్ రిజిస్టర్ కావాలన్నా సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. పెద్దవాళ్ల నంబరు తీసి రౌటర్‌లో వేస్తే వాళ్ల పెన్షన్ ఖాతాలో ఓటీపీ అడిగే లావాదేవీలు ఆగిపోతాయి, ఇది ఎవరూ ముందు చెప్పరు.

డీవీఆర్ (సీసీ కెమెరాల రికార్డింగ్ పెట్టె) ఉన్న ఇళ్లు, చిన్న షాపులు ఇంకో విషయం గమనించాలి. మొబైల్ డేటాలో మామూలుగా మనకంటూ పబ్లిక్ ఐపీవీ4 చిరునామా (బయటి నుంచి నేరుగా మన రౌటర్‌ను చేరే ఇంటర్నెట్ చిరునామా) రాదు, చాలామంది ఒకే చిరునామా వెనక ఉంటారు. రౌటర్ పేజీలో కనిపించే వ్యాన్ ఐపీ (నెట్‌వర్క్ మన రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) 10తో గానీ, 100.64 నుంచి 100.127 మధ్య గానీ మొదలైతే పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను ఇంట్లోని పరికరానికి మళ్లించడం, పనిచేయదు. ఐపీ కొట్టి బయటి నుంచి కెమెరాలు చూసుకునే పద్ధతి పోతుంది, కంపెనీ క్లౌడ్ యాప్ ద్వారా మాత్రమే చూడాలి. ఆఫీసు వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి) మీ ఐపీ చిరునామాను ముందుగా నమోదు చేసుకునే రకమైతే పని ఆగిపోతుంది.

కరెంటు పోతే రౌటర్‌కు 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకుంటాం సరే, టవర్ బ్యాటరీ మన చేతిలో లేదు. పల్లెల్లో గంటల తరబడి కోత ఉంటే ముందు పోయేది టవరే.

ఖర్చు కూడా వాళ్లు చెప్పినంత తక్కువ కాదు. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 13 రీచార్జిలు, 12 కాదు. 2024 జూలైలో రేట్లు పెంచాక అన్‌లిమిటెడ్ 5జీ రోజుకు 2 జీబీ, ఆ పైన ఉన్న ప్లాన్లకే పరిమితం చేశారు, చవక ప్లాన్‌తో కుదరదు. అటు 30 ఎంబీపీఎస్ ఫైబర్ 399 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీతో దొరికే ఊళ్లు ఉన్నాయి. ఆంధ్రలో ఏపీ ఫైబర్‌నెట్, రెండు రాష్ట్రాల్లో బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్, ఊళ్లో కేబుల్ ఆపరేటర్, అందరినీ అడిగాకే సిమ్ వైపు చూడండి. మీ వీధికి ఏ వైరూ రాకపోతే సరే, అప్పుడు సిమ్ తప్పదు. ఒంటరిగా ఉండి, మెయిల్, కొద్దిగా వీడియోతో సరిపెట్టుకునేవాళ్లకు కూడా ఇది చాలు. నలుగురున్న ఇంటికి చాలదు.

కొనే ముందు మీ సిమ్‌తోనే, మీ గదిలోనే, రాత్రి తొమ్మిదికి రెండు మూడు రోజులు చూడండి. కొన్నాక కూడా ఒక పూర్తి నెల గడిచేదాకా ఫైబర్ కనెక్షన్ తీయించకండి. కెమెరా ఉంటే మెమరీ కార్డు వేసి, క్లౌడ్‌ను కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డ్ చేసేలా మార్చండి. షాపువాళ్లు ఇచ్చిన సిమ్ మీ పేరు మీదే ఉందో లేదో, మీ పేరు మీద ఇంకేమైనా సిమ్‌లు తీశారో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలో చూసుకోండి. ఫిర్యాదుకు ముందు మీ సిమ్ కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి ఫోన్ చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదు సంఖ్య) తీసుకోండి, అది లేనిదే పై మెట్టు ఎక్కనివ్వరు. తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి (అప్పీళ్లు చూసే విభాగానికి) పెట్టాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాసి ఎదురుచూడకండి, అది ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు. రౌటర్ అమ్మిన షాపు మీదైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు మీద "ఇంటి ఇంటర్నెట్ వాడకానికి" అని, నెలకు ఎన్ని జీబీలో కూడా రాసివ్వమనండి. రాయనంటే డబ్బు కట్టకుండా బయటికి వచ్చేయండి.