ఇంట్లో పెరిగిన కుక్క వీధిన పడితే: షెల్టరా, ఫోస్టరా, ఉన్నచోటేనా?

వీధిలో పుట్టిన కుక్కనీ, ఇంట్లో పెరిగి వీధిన పడ్డ కుక్కనీ ఒకే గాటన కట్టేస్తుంటాం. అక్కడే లెక్క తప్పుతుంది. వీధి కుక్కకి ఏ ఇంటి ముందు ఏ వేళకి అన్నం పడుతుందో తెలుసు, ఏ సందు దాటితే అవతలి గుంపు మీద పడుతుందో తెలుసు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనూ రేబిస్ టీకా అయ్యాక దాన్ని పట్టుకొచ్చిన చోటే వదలాలని 2023 జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనలు చెబుతున్నాయి. (స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల సంగతి వేరు, వాటి మీద సుప్రీంకోర్టు 2025 నవంబరులో విడిగా ఆదేశాలిచ్చింది.) ఆరోగ్యంగా తిరుగుతున్న వీధి కుక్కని జాలిపడి షెల్టర్లో వేస్తే దానికి ఒరిగేదేమీ లేదు.

లాబ్రడార్, పగ్, హస్కీ లాంటి పెంపుడు జాతి కుక్క అలా కాదు. ట్రాన్స్‌ఫర్ వచ్చిందనో, ఇంట్లో పసిబిడ్డ పుట్టిందనో, గజ్జి పట్టిందనో, కూనల్ని ఈనడానికి ఇక పనికిరాదనో ఎవరో కారులో తెచ్చి దింపేసి పోతారు. దానికి ట్రాఫిక్ తెలియదు, చెత్తకుండీలో తిండి వెతుక్కోవడం తెలియదు, కాలనీ కుక్కలు దాన్ని రానివ్వవు. ‘ఇక్కడే ఉండనివ్వండి, మేం అన్నం పెడతాం’ అనే ఏర్పాటు వీధి కుక్కకి సరిపోతుందేమో గానీ, మే నెల ఎండలో హైదరాబాద్ ఫుట్‌పాత్ మీద ఉన్న మంచు దేశాల హస్కీకి పనికిరాదు. కాబట్టి ఈ దారిని మొదటే కొట్టేస్తున్నాను. అన్నట్టు, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు! దింపడానికి వచ్చిన కారుకి పార్కింగే అంతకన్నా ఎక్కువవుతుంది.

ఒకటి మాత్రం ముందే చూసుకోవాలి. దీపావళి మర్నాడో, నిమజ్జనం డప్పుల తర్వాతో దొరికిన కుక్క బెదిరి పారిపోయి వచ్చిందై ఉండొచ్చు. చుట్టుపక్కల కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టండి. దగ్గరి క్లినిక్‌లో స్కానర్ ఉంటే మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉందేమో చూపించండి. అడగ్గానే ‘మాదే’ అన్నవాళ్ళకి అప్పగించేయకుండా పాత ఫొటోలో, టీకాల పుస్తకమో చూపించమనండి.

ఇక అసలు పోటీ షెల్టరుకీ ఫోస్టరుకీ మధ్యే. అంటే జంతు సంరక్షణ కేంద్రంలో చేర్పించడమా, కొత్త ఇల్లు దొరికేదాకా ఎవరో ఒకరు ఇంట్లో పెట్టుకోవడమా.

షెల్టరు బలం వైద్యం. 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి చోట రోజూ కట్టు కట్టేవాళ్ళు, పురుగులు పట్టిన పుండును శుభ్రం చేసేవాళ్ళు, కాలు విరిగిన కుక్కని ఎత్తి పడుకోబెట్టడం తెలిసినవాళ్ళు ఉంటారు. బండి గుద్దిన కుక్కని ఇంటికి తెచ్చి పసుపు రాస్తూ కూర్చోవడం ప్రేమ కాదు. అలాంటిదానికి షెల్టరో ఆసుపత్రో తప్ప వేరే మాటే లేదు.

కానీ ఒంట్లో బాగానే ఉన్న పెంపుడు కుక్కకి ఆ చోటే కష్టం. సోఫా పక్కన పడుకున్న కుక్క ఒక్కసారిగా పదుల కుక్కల మొరుగుళ్ళ మధ్య జాలీ గదిలో పడితే తిండి మానేసి మూల కూర్చుంటుంది. పైగా జబ్బుల భయం. వాంతులు, విరేచనాలతో కూనల ప్రాణం తీసే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. టీకా పడని కూనకి అంతకన్నా ప్రమాదం లేదు. అక్కడివాళ్ళ తప్పేమీ లేదు, అన్ని కుక్కలు ఒక్కచోట ఉంటే అంతే.

ఫోస్టరులో నాకు నచ్చే గుణం ఒకటుంది: కుక్క అసలు స్వభావం బయటపడుతుంది. పిల్లల్ని చూస్తే ఏం చేస్తుంది, కుక్కర్ విజిలుకి బెదురుతుందా, ఒంటరిగా ఉంటే తలుపు గీరుతుందా, బయటికి తీసుకెళ్ళేదాకా ఆపుకుంటుందా? ఇవేవీ షెల్టరు గదిలో తెలియవు. తీసుకునేవాళ్ళకి ఇవి ముందే చెప్పగలిగితే, పది రోజులకే ‘మీ కుక్కని మీరే తీసుకెళ్ళండి’ అనే ఫోను రావడం తగ్గుతుంది.

అయితే ఫోస్టరు చేయాలంటే మీకు ఉండాల్సింది ప్రేమ కన్నా ముందు తలుపున్న ఒక గది. మొదటి రెండు వారాలు కొత్త కుక్కని ఇంట్లో కుక్కలతో కలపకూడదు. గోమార్ల మందు, నులిపురుగుల మందు, టీకాలు డాక్టరు చెప్పిన వరసలో పడాలి. బాగా ఎండిపోయిన కుక్కకి ఒకేసారి గిన్నెడు పెట్టకండి, కొంచెం కొంచెంగా పలుచని పెరుగన్నం చాలు. కరిచినా, గోళ్ళతో గీరినా సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. అద్దె ఇల్లయితే ఓనరుని ముందే అడగండి. కుక్కల్ని నిషేధించే హక్కు అపార్ట్‌మెంట్ అసోసియేషన్లకు లేదని జంతు సంక్షేమ మండలి చెప్పింది నిజమే గానీ, ఓనరుతో గొడవ పడితే నష్టపోయేది కుక్కే.

డబ్బు కట్టి బోర్డింగులో ఉంచడం అనే మూడో దారి మీరు ఊరెళ్ళే నాలుగు రోజులకి మాత్రమే. చాలాచోట్ల టీకాల కాగితాలు లేనిదే చేర్చుకోరు కూడా.

పార్వో అనుమానం ఉన్న కూనని ఇటు ఫోస్టరుకీ అటు షెల్టరుకీ పంపకండి, విడి వార్డున్న క్లినిక్‌లో సెలైన్ ఎక్కించాలి. చూపు మందగించిన ముసలి పగ్‌ని దత్తత తీసుకునేవాళ్ళు దొరకడం కష్టం. దాన్ని ఫోస్టరుకని తెచ్చుకుంటే చివరిదాకా మీ ఇంటిదే అనుకుని తెచ్చుకోండి.

దత్తతకి ఇచ్చేటప్పుడు కూడా రెండు దారులు. గ్రూపులో ఫొటో పెట్టి మొదట వచ్చినవాళ్ళకి ఇచ్చేయడం సులువు. అందమైన జాతి ఆడకుక్క ఉచితమంటే గంటలో ఫోన్లు మొదలవుతాయి, ‘జాతి పేపర్లున్నాయా? వయసెంత?’ అని తప్ప ఆరోగ్యం గురించి అడగనివాళ్ళలో కుక్కపిల్లల్ని పుట్టించి అమ్ముకునే బాపతు ఉంటారు. అందుకే ఆపరేషన్ చేయించాకే ఇవ్వడం మేలు. కాస్త ఆలస్యమైనా వాళ్ళింటికి వెళ్ళి, బాల్కనీకి గ్రిల్ ఉందా, కుక్కని రోజంతా గొలుసుకి కట్టేసే ఉద్దేశమా అని చూసి రండి. చిరునామా చెప్పడానికి నసిగేవాళ్ళకి, పుట్టినరోజు కానుకగా కావాలనేవాళ్ళకి ఇవ్వకండి. కుదరకపోతే కుక్క తిరిగి మీ దగ్గరికే రావాలని కాగితం మీద రాయించుకుని, మొదటి నెల వారానికో వీడియో పంపమనండి.