‘డంకీ’: కాక పక్కన కూర్చొని రెండోసారి

మొదటిసారి థియేటర్లో చూసి మర్చిపోయాను. 2023 డిసెంబరు 21న ఈ షారుఖ్ హిందీ సినిమా, మర్నాడే ప్రభాస్ ‘సలార్’. హైదరాబాద్‌లో ఇంకెవరు పట్టించుకుంటారు! మొన్న నెట్‌ఫ్లిక్స్‌లో మళ్లీ పెట్టింది మా కాక కోసం. కంటి ఆపరేషన్‌కి జగిత్యాల నుంచి వచ్చి ఎస్సార్‌నగర్‌లో మా ఇంట్లో ఉన్నాడు. డాక్టరు టీవీ వద్దన్నాడు, ఆయన వింటేనా.

ఫస్టాఫ్ బాగుంది. లండన్ పోవాలని పంజాబ్ పల్లెటూరి వాళ్లు బొమన్ ఇరానీ దగ్గర ఇంగ్లీషు బట్టీ పడుతుంటే మన అమీర్‌పేట సందులే గుర్తొచ్చాయి. విక్కీ కౌశల్ ఉన్నది కాసేపే, నాకు గుర్తుండిపోయింది మాత్రం అతనే. చిలుకూరులో వీసా వచ్చాక 108 ప్రదక్షిణలకి తిరిగొచ్చినవాళ్లే మనకి కనిపిస్తారు. 11 తిరిగి మొక్కుకున్నా వీసా రాక ఆగిపోయినవాళ్ల మొహం ఎలా ఉంటుందో అతనిలో చూశాను.

సెకండాఫ్‌లోనే పేచీ. వీసా రాక దొంగదారిన బయల్దేరాక ఎడారి నడక, సరిహద్దులో తుపాకులు... డైరెక్టర్ హిరానీ హడావిడిగా దాటించేశాడు. కాక అన్నాడు: “వీళ్లు గోడ దుంకాలె బిడ్డా. మాకు గోడే లేకుండె. విజిట్ వీసా మీద విమానంలనే పోయినం. తారీఖు దాటినంక ఖల్లివెల్లి అయినం.” ఖల్లివెల్లి అంటే కాగితాల్లేకుండా ఉండిపోవడం. దుబాయ్‌లో ఆరేళ్లు అట్లా దాక్కొని పనిచేసి, 2018లో అక్కడి సర్కారు ఇచ్చిన క్షమాభిక్షలో ఔట్‌పాస్ (ఇంటికి తిరిగొచ్చేందుకు ఇచ్చే కాగితం) మీద వచ్చాడు. అక్రమమంటే కంచె దాటడమే అన్నట్టు తీశారు గానీ, తారీఖు దాటిన బతుకు ఇందులో పైపైనే ఉంది.

లండన్ కోర్టులో ఆశ్రయం కోసం సొంత దేశాన్ని తిట్టనని షారుఖ్ చెప్పే సీన్‌కి థియేటర్లో చప్పట్లు పడ్డాయి. కాక మాత్రం “అంతసేపు మాట్లాడనిస్తరా? నన్నయితే పేరు, ఊరు అడిగిండ్రు, అంతే” అన్నాడు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం అక్రమంగా వెళ్లిన 104 మంది మనవాళ్లని సంకెళ్లతో అమృత్‌సర్ తెచ్చి దింపింది. అది చూశాక, సినిమాలో వీళ్లంతట వీళ్లే ఇంటిమీద బెంగతో తిరిగిరావడం మరీ తియ్యగా అనిపించింది. ఆ ముసలి మేకప్ గురించి చెప్పకపోవడమే మంచిది.

చివర్లో అసలు మనుషుల ఫొటోలు వేస్తారు. అక్కడ కాక ఆపమన్నాడు. ఒక కంటికి కట్టు, రెండో కన్ను చిట్లించి ఒక్కో మొహం చూశాడు.

“ఇండ్ల మన దిక్కోళ్లు ఎవరన్న ఉన్నరా?”