కొత్త పన్నా పాత పన్నా, ఎన్‌పీఎస్సా యూపీఎస్సా: బెంగళూరు తెలుగువాళ్లకు ఏది మేలు?

2025 ఆగస్టు 11న లోక్‌సభలో ప్రతిపక్షాల నినాదాల మధ్యే రెండు బిల్లులు నిమిషాల్లో పాసైపోయాయి. ఒకటి 1961 నాటి చట్టం స్థానంలో వచ్చే కొత్త ఆదాయపు పన్ను బిల్లు. రెండోది కేంద్ర ఉద్యోగులకు హామీ పెన్షన్ ఇచ్చే యూపీఎస్‌కు, పెట్టుబడుల రాబడిని బట్టి పెన్షన్ వచ్చే ఎన్‌పీఎస్‌తో సమానంగా పన్ను రాయితీలు కల్పించే బిల్లు. జీతంలో ఎంత మిగులుతుందో, రిటైరయ్యాక ఎంత వస్తుందో తేల్చే విషయాలివి. గంటలకొద్దీ చర్చ జరగాల్సింది. జరగలేదు కాబట్టి మంత్రిగారి వాదనను మన ఇంటి లెక్కలతో మనమే సరిచూసుకోవాలి.

ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు తెలుగింటి కోడలు, రాజ్యసభకు ఎన్నికైంది కర్ణాటక నుంచి. పన్ను మీద ఆవిడ వాదన సూటిగానే ఉంటుంది: మధ్యతరగతి చేతిలో డబ్బు మిగలాలి, ఖర్చు పెట్టుకుంటారో దాచుకుంటారో వాళ్లిష్టం. 2025 బడ్జెట్లో కొత్త విధానం (మినహాయింపులు దాదాపు ఉండవు, రేట్లు తక్కువ; పాత విధానంలో మినహాయింపులుంటాయి, రేట్లు ఎక్కువ) కింద 12 లక్షల దాకా, జీతగాళ్లకైతే 12.75 లక్షల దాకా పన్ను లేకుండా చేశారు. దానివల్ల ఖజానాకు సుమారు లక్ష కోట్లు తగ్గుతుందని ఆవిడే సభలో చెప్పారు. జీతం ఆ లోపు ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, కొత్తదే తీసుకోండి. షేర్ల మీద వచ్చే లాభాలకు ఈ పన్ను మాఫీ (రిబేటు) వర్తించదని మాత్రం గుర్తుంచుకోండి.

అసలు తర్జనభర్జన అంతా ఏటా 15 లక్షల జీతం దగ్గర మొదలవుతుంది. మారతహళ్లిలో నెలకు 25 వేల అద్దె కట్టే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని తీసుకుందాం. బేసిక్ 6 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 2.4 లక్షలు. 2025-26 రేట్ల ప్రకారం కొత్త విధానంలో సెస్సుతో కలిపి పన్ను 97,500. పాత విధానంలో హెచ్‌ఆర్‌ఏ మొత్తం, 80సీ సెక్షన్ కింద పొదుపులు లక్షన్నర, ఎన్‌పీఎస్‌లో సొంతంగా 50 వేలు, హెల్త్ ఇన్సూరెన్స్ 25 వేలు, అన్నీ పూర్తిగా చూపించినా పన్ను 1,13,880. అంటే రెండు లక్షల పాతికవేలు దాచి, రసీదులన్నీ పోగుచేసి కూడా 16 వేలు ఎక్కువే కట్టాలి.

ఇక్కడే బెంగళూరుకు జరిగిన అన్యాయం ఒకటి చెప్పాలి. ఆ ఏడాది నిబంధనల్లో హెచ్‌ఆర్‌ఏకు మెట్రోలంటే ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై మాత్రమే. చెన్నైలో బేసిక్‌లో 50 శాతం దాకా మినహాయింపు, బెంగళూరులో 40 శాతమే. అద్దె 30 వేలై, హెచ్‌ఆర్‌ఏ 3 లక్షలు అందుతుంటే, ఇక్కడున్నవాళ్లకు 60 వేల మినహాయింపు పోయేది. అయినా చెన్నై వాళ్లకు కూడా ఈ జీతం దగ్గర కొత్తదే మేలు. పాత విధానంలో వాళ్ల పన్ను 1,01,400.

పాతది గెలిచే సందర్భం ఒకటుంది, అది మనవాళ్లలో చాలామందికి సరిపోతుంది. అనంతపురంలోనో నెల్లూరులోనో లోన్ పెట్టి ఇల్లు కట్టి అమ్మానాన్నలను ఉంచి, తాము ఇక్కడ అద్దెకుంటారు. ఆ లోన్ మీద ఏటా 2 లక్షల వడ్డీ కూడా చూపిస్తే, 25 వేల అద్దె లెక్కలోనే పన్ను 72,280కి దిగుతుంది. కొత్త విధానంకన్నా 25 వేలు తక్కువ. హెచ్‌ఆర్‌ వాళ్లకు ఏప్రిల్లో ఏం చెప్పినా, వ్యాపార ఆదాయం లేని జీతగాళ్లు గడువులోపు రిటర్న్ వేసేటప్పుడు మార్చుకోవచ్చు.

డబ్బు చేతిలో ఉంచడం మంచిదే. కానీ ఈఎల్‌ఎస్‌ఎస్ (పన్ను ఆదా మ్యూచువల్ ఫండ్) అయినా పీపీఎఫ్ అయినా మనలో చాలామంది మొదలుపెట్టింది 80సీ కోసమే. ఆ తోపుడు పోతే ముప్పై ఏళ్ల కుర్రాడు ఎందుకు దాస్తాడు? అందుకే కొత్త విధానంలోకి వెళ్లేవాళ్లు కంపెనీని అడిగి, జీతంలో కొంత భాగాన్ని యాజమాన్యం తరఫున ఎన్‌పీఎస్‌కు మళ్లించుకోవాలి. బేసిక్‌లో 14 శాతం దాకా దీనికి మినహాయింపు ఉంది. పై ఉదాహరణలో 84 వేలు పెన్షన్ ఖాతాకు వెళ్తాయి, పన్ను ఇంకో 13,104 తగ్గుతుంది.

ఇక యలహంక రైల్ వీల్ ఫ్యాక్టరీలోనో ఇస్రోలోనో పనిచేసేవాళ్ల లెక్క వేరు. 2004 జనవరి తర్వాత చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. దాన్ని తిరిగి తెచ్చే ప్రతిపాదన లేదని ప్రభుత్వం సభలో పదేపదే చెప్పింది. మిగిలింది ఎన్‌పీఎస్, 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్. పాతికేళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్, దానిమీద కరువు భత్యం. బేసిక్ 80 వేలైతే 40 వేలు. ఇరవయ్యేళ్ల సర్వీసుతోనే రిటైరైతే 32 వేలు. ఉద్యోగి పోయాక భార్యకో భర్తకో అందులో 60 శాతం.

నా ఓటు యూపీఎస్‌కే, పాతికేళ్లు నిండేదాకా ఉద్యోగంలో ఉండి, అరవయ్యేళ్లకు రిటైరయ్యేవాళ్లకు. ఎన్‌పీఎస్ యాన్యుటీ (పోగైన డబ్బుతో కొనే పెన్షన్) మామూలుగా ధరలతోపాటు పెరగదు. డెబ్బై అయిదేళ్ల వయసులో మందుల బిల్లు మాత్రం పెరుగుతుంది. మధ్యలో రాజీనామా చేసి ప్రైవేటుకు పోదామనుకునేవాళ్లు యూపీఎస్ జోలికి పోకపోవడమే మంచిది, రాజీనామా చేస్తే హామీ పెన్షన్ ఉండదు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నా మామూలు రిటైర్మెంట్ తేదీ దాకా ఆగాలి. పిల్లలకు ఏదైనా మిగల్చాలనుకున్నా ఎన్‌పీఎస్సే నయం: యూపీఎస్‌లో దంపతులిద్దరి తర్వాత ఇక ఏమీ రాదు. ఉద్యోగులు ఎంత తటపటాయించారంటే, ఆప్షన్ గడువును 2025 జూన్ 30 నుంచి సెప్టెంబర్ 30కి, అక్కణ్నుంచి నవంబర్ 30కి పొడిగించాల్సి వచ్చింది.

మంత్రిగారి సమర్థన నాకు నిలబడదనిపించేది పీణ్య పారిశ్రామికవాడ దగ్గర. చిత్తూరు, అనంతపురం నుంచి వచ్చి అక్కడి మెషిన్ షాపుల్లో పాతికేళ్లు పనిచేసిన మనిషికి పాత, కొత్త పన్నులతో పని లేదు, యూపీఎస్ రాదు. వాళ్లకున్నది పీఎఫ్‌తో పాటు వచ్చే పెన్షన్ పథకం, ఈపీఎస్-95. దాని జీత పరిమితి 15 వేల దగ్గర, కనీస పెన్షన్ వెయ్యి రూపాయల దగ్గర 2014 సెప్టెంబర్‌లో పెట్టారు. మొత్తం సర్వీసును ఆ 15 వేల మీదే లెక్కగట్టినా నెలకు 6 వేలు రాదు, దానిమీద కరువు భత్యం కూడా లేదు. ప్రభుత్వ ఉద్యోగి పెన్షన్ కోసం కేంద్రం జీతంలో 18.5 శాతం ఇస్తోంది, ఈపీఎస్‌కు ఇచ్చేది 1.16 శాతమే, అదీ ఆ పరిమితి మీదే. కనీసం 7,500 ఇవ్వాలని పెన్షనర్లు ఏళ్లుగా అడుగుతున్నారు. మన ఎంపీలకు ఉత్తరం రాయదలిస్తే రాయాల్సింది ముందు దీని గురించే.