లేబర్ రూమ్ గడప దాకా: విజయవాడలో ఒక డౌలా శిక్షణ

ఆరు వారాల పాటు ప్రతి శని, ఆదివారాలు గుంటూరు బ్రాడీపేట నుంచి విజయవాడ సూర్యారావుపేటకు వెళ్లి, డౌలా (కాన్పు సమయంలో తల్లికి తోడుగా ఉండి ఆసరా ఇచ్చే మనిషి) సేవలు, ప్రసవ విద్యపై ఒక ప్రైవేటు సంస్థ ఇచ్చిన శిక్షణను పూర్తి చేశాను. రుసుము 28,000 రూపాయలు. ఈ వృత్తిలోకి రాదలచిన వారు అంత డబ్బు కట్టే ముందు తెలుసుకోవలసిన సంగతులు ఉన్నందున వివరంగా రాస్తున్నాను.

మాలో సగం మందిమి ఇది మంత్రసాని పనే అనుకుని చేరాము. డౌలా పురుడు పోయదని, లోపలి పరీక్ష చేయదని, మందులు ఇవ్వదని, తల్లి పక్కన విడవకుండా ఉండి ఆమె శరీరానికి, మనసుకు ఆసరా ఇవ్వడమే ఆమె పని అని శిక్షకురాలు మొదటి రోజే హద్దులు చెప్పారు. ఆ స్పష్టత నాకు ఎంతో నచ్చింది.

అన్నింటిలోకీ గొప్ప తరగతి మూడో వారంలో జరిగింది. కటి ఎముకల నమూనాలోంచి శిశువు బొమ్మను మా చేతులతోనే కిందికి దింపించారు. తల పక్కకు తిరిగి లోపలికి దిగడం, దిగుతూ తల్లి వీపు వైపుకు ముఖం తిప్పుకోవడం, తల్లి వెల్లకిలా పడుకుంటే తోక ఎముక వెనక్కి జరగడానికి చోటు తగ్గిపోవడం కళ్లారా చూశాము. నా తొలి కాన్పులో రాత్రంతా వెల్లకిలా పడుకోబెట్టి, పక్కకు తిరగబోతే కసిరారు తప్ప, కారణం ఎవరూ చెప్పలేదు. ఆ నమూనాను పట్టుకుని చాలాసేపు మాట్లాడలేకపోయాను. నొప్పి వచ్చినప్పుడు నడుము కింద అరచేతితో నొక్కడం, తుంటిని రెండు వైపుల నుంచీ ఒత్తడం కూడా జంటలుగా, చేతులు అలసిపోయేదాకా సాధన చేయించారు.

ప్రసవమంతా ఒకరు తోడుగా ఉంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, సిజేరియన్లు తగ్గుతాయని, నొప్పుల సమయం కూడా కొంత తగ్గుతుందని 26 అధ్యయనాలను పరిశీలించిన 2017 నాటి కాక్రేన్ (వైద్య అధ్యయనాలను కలిపి పరిశీలించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష తేల్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే కనుక ఈ ఫలితం మనకు ముఖ్యమైనది. అయితే డౌలా ఉంటే ఆపరేషన్ తప్పినట్టేనన్న ధోరణిలో కొన్ని తరగతులు సాగాయి. దానితో నేను ఏకీభవించను. అవసరమైన ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, అలాంటి వేళ కుటుంబాన్ని వెనక్కి లాగే మాట డౌలా నోట రాకూడదు.

అసలు లోపం మరొకటి. లేబర్ రూమ్‌లోకి మమ్మల్ని ఎవరు రానిస్తారన్న ప్రశ్నను శిక్షణ తాకనేలేదు. తల్లి కోరుకున్న తోడు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో తోడును అనుమతిస్తూ కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ ఆ తోడు అంటే ప్రధానంగా కాన్పు అనుభవం ఉన్న బంధువు. ఒక్కరినే రానిచ్చే చోట, కన్నతల్లిని బయట ఉంచి డౌలాను లోపలికి పంపమని ఏ కుటుంబాన్ని అడగగలము? ప్రైవేటులోనైతే నిర్ణయం డాక్టరుదే. గుంటూరు కొత్తపేటలో నేను కలిసిన ముగ్గురు డాక్టర్లలో ఇద్దరు ఒప్పుకోలేదు. మూడో ఆమె, ముందు గర్భిణులకు తరగతులు పెట్టి చూడమన్నారు.

ఆ తరగతులు మొదలుపెట్టాకే మరో ఇబ్బంది బయటపడింది. శిక్షణలో ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. దొంగ నొప్పులు, ఉమ్మనీరు, మాయ, ముర్రుపాలు అని మన ఆడవాళ్లు అనే మాటల్లోకి వాటిని నేనే తిరగరాసుకున్నాను. పైగా తొలి కాన్పు ఖర్చు సాధారణంగా పుట్టింటి వారిదే కనుక, గర్భిణి కంటే ముందు ఆమె తల్లిని ఒప్పించాలి. ఆమెతో ఎలా మాట్లాడాలో ఒక్క పూటైనా నేర్పి ఉండవలసింది.

ప్రసవ విద్య బోధించదలచిన వారికి ఈ శిక్షణ డబ్బుకు తగినదే. డౌలాగానే జీవనోపాధి చూసుకోవాలనుకునే వారు మాత్రం చేరే ముందే, నిజమైన కాన్పుల దగ్గర ఎన్నిసార్లు ఉండనిస్తారో, ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉందో అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. మా బృందంలో ఒక్కరికి కూడా ఆ అవకాశం రాలేదు.