పిక్ లైను ఆర్నెల్లు, పోర్టు రెండేళ్లు: పర్లాకిమిడిలో ఉండి వాడాక

రెండు మూడు వారాల యాంటీబయాటిక్‌కి మిడ్‌లైను (చేతి సిరలోకి దింపే సన్నని గొట్టం) సరిపోతుంది. దాని కొస చంక దాకానే వెళ్తుంది, కాబట్టి సిరను కాల్చే కీమో మందులు అందులో ఎక్కించకూడదు. వాటికి కొస గుండెకు ఆనుకున్న పెద్ద సిరలో ఉండాలి. అంటే పిక్ లైను (చేతి సిరలోంచి అక్కడిదాకా దింపే గొట్టం) గానీ పోర్టు (ఛాతీ మీద చర్మం కింద అమర్చే, సూది గుచ్చి మందు ఎక్కించే చిన్న పరికరం) గానీ.

పిక్ పెట్టించుకోవడం తేలికే. మోచేతికి పైన మత్తు సూది ఇచ్చి, అల్ట్రాసౌండ్ చూస్తూ దింపేస్తారు. పాట్లన్నీ ఆ తర్వాతే. వారం వారం డ్రెస్సింగు మార్చాలి, ఫ్లష్ చెయ్యాలి, అంటే సిరంజితో సెలైన్ తోసి గొట్టం కడగాలి. అది చేతనైన సిస్టరు ఊళ్లో లేకపోతే ప్రతి వారం బరంపురమో విశాఖో పరుగు. గుణుపురం, రాయగడ వాళ్లదీ ఇదే గోల. పైగా మన ఉక్కకి డ్రెస్సింగు అంచు నాలుగో రోజుకే లేచిపోతుంది. దాని మీద టేపు అతికించి సరిపెట్టొద్దు, మొత్తం తీసి మార్చాలి. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్లు రుద్ది, దానంతటది ఆరనివ్వాలి. ఊదకూడదు, విసరకూడదు.

బయటున్న గొట్టం పొడవు ప్రతిసారీ కొలిచి రాసుకోండి. పెరిగిందంటే లోపలి కొస జరిగినట్టే. వెనక్కి తొయ్యనివ్వకండి, ఎక్స్-రే చూడకుండా మందు ఎక్కించనివ్వకండి. ఫ్లష్‌కి 10 మి.లీ. సిరంజే వాడాలి. 2 మి.లీ. సిరంజితో అదే బొటనవేలి బలానికి ఒత్తిడి ఎన్నో రెట్లు పెరిగి గొట్టం పగలొచ్చు. కొంచెం తోసి ఆపి, మళ్లీ తోసి ఆపి ఇవ్వాలి. చివరి అర మి.లీ. తోస్తుండగానే క్లాంపు (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) వేసెయ్యాలి, లేదంటే రక్తం కొసలోకి వెనక్కి లాగి గడ్డకడుతుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకండి, ఆ చేత్తో నీళ్ల బిందె ఎత్తకండి.

నాలుగైదు నెలలు దాటే కీమో అయితే నా ఓటు పోర్టుకే. పెట్టడానికీ తియ్యడానికీ చిన్న ఆపరేషనే, ఖర్చూ ఎక్కువే. కానీ గాయం మానాక, సూది లేనప్పుడు మహేంద్రతనయలో మునిగినా భయం లేదు. మందు లేని రోజుల్లో నెలకోసారి ఫ్లష్ చాలు. చిక్కల్లా హ్యూబర్ సూదితోనే, అంటే పోర్టు మూతని తొలచకుండా గుచ్చే ప్రత్యేకమైన సూది. ఇక్కడి మందుల షాపుల్లో దొరుకుతుందని నమ్ముకోవద్దు, విశాఖ వెళ్లినప్పుడే నాలుగు తెచ్చి పెట్టుకోండి. మామూలు సూదితో గుచ్చితే సిలికాన్ మూత తొలుచుకుపోయి పోర్టు కారుతుంది. ఛాతీ మీద కండ ఎక్కువున్నవాళ్లకి పొట్టి సూది అందదు, మందు చర్మం కిందికి పోతుంది. ఎక్కుతుండగా మంటో వాపో వస్తే వెంటనే ఆపించాలి.

సెలైన్ లోపలికి పోతోంది, రక్తం మాత్రం వెనక్కి రావడం లేదు అంటే ముందు దగ్గి, చెయ్యి పైకెత్తి, పక్కకి తిరిగి చూడండి. అప్పటికీ రాకపోతే కొస చుట్టూ పొర కట్టి ఉండొచ్చు. దాన్ని కరిగించే మందు ఉంది. అది పని చేసేదాకా కీమో ఎక్కించుకోవద్దు.

ఫ్లష్ చేసిన గంటలోపు చలి జ్వరం వస్తే లైనుకి ఇన్‌ఫెక్షన్ అనుకోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు. చెయ్యో మెడో వాస్తే డాప్లర్ (సిరలో రక్తం పారుతోందో లేదో చూసే స్కాను) తీయించాలి. కిడ్నీ జబ్బుంటే పిక్ మాటెత్తకముందే డాక్టరుకి చెప్పండి, రేపు డయాలసిస్‌కి ఫిస్టులా (సిరని ధమనితో కలిపి చేసే దారి) చెయ్యాల్సింది ఆ చేతి సిరలతోనే.