జాగ్రత్త: కొత్త ఫోను కోసం పదవీ విరమణ పొదుపును ‘ఏడాదే కదా’ అని ఆపకండి

కొత్త ఫోనో, ల్యాప్‌టాపో, పెద్ద టీవీయో కొనబోతున్నవాళ్లు ఈ నాలుగు ముక్కలు చదివి వెళ్లండి. వస్తువు నాసిరకమన్న ఫిర్యాదు కాదిది. నేను కొన్నవన్నీ బాగానే పనిచేశాయి. నాకు దెబ్బ తగిలింది వేరే చోట.

అయిదేళ్ల కిందట నా ఫోను మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోయి చేతులెత్తేసేది. చూపిస్తే, దానికి ఇక ఖర్చు పెట్టడం దండగ అన్నాడు అమ్మకందారు. కొత్తదానికి సున్నా వడ్డీ, 12 వాయిదాలు. వాయిదాకు సొమ్ము ఎక్కడిదా అని వెతికితే, నెలనెలా జీతంలోంచి పదవీ విరమణ ఖాతాకు వెళ్లే చందా దానికి అచ్చంగా సరిపోయేలా కనిపించింది. ఏడాది పాటు చందా ఆపమని రాసిచ్చాను. తర్వాత కాస్త ఎక్కువ వేసి సర్దుకోవచ్చు అనుకున్నాను.

పన్నెండో వాయిదా తీరిన నెలలోనే ఇంటికి టీవీ వచ్చింది. అప్పటికి ఆ సొమ్ము పొదుపుదన్న సంగతే మరిచిపోయాను. నా లెక్కల్లో అది ‘వాయిదా డబ్బు’గా మారిపోయింది. ఒక వాయిదా తీరిందంటే మరో వస్తువుకు చోటు ఏర్పడినట్టే తోచేది. టీవీ తర్వాత ట్యాబ్లెట్, దాని తర్వాత ల్యాప్‌టాప్. చందా మళ్లీ మొదలుపెట్టాలంటే నేను వెళ్లి ఫారం నింపాలి. కొత్త వస్తువు కొనాలంటే వేలు కదిలిస్తే చాలు. ఈ పోటీలో ఫారం గెలవలేదు.

మొన్న ఖాతా వివరాల పత్రం తీసి చూసుకున్నాను. చందా గడిలో వరుసగా 60 సున్నాలు.

ఆ సున్నాల విలువ ఎంతో కాగితం మీద వేసుకున్నాను. మీరూ వేసుకోండి. నెలకు 100 చొప్పున అయిదేళ్లు కట్టకపోతే మిగిలింది 6,000 అనిపిస్తుంది. ఏడాదికి 7 శాతం చొప్పున, నెలనెలా కలుస్తూ పెరిగి ఉంటే, ఆ అయిదేళ్లు ముగిసేసరికి అది దాదాపు 7,160. ఆపైన మరో 20 ఏళ్లు ముట్టకుండా వదిలేస్తే దాదాపు 28,900. 7 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు, ధరల పెరుగుదల అందులో కొంత మింగేస్తుంది కూడా. అయినా, కట్టని 6,000 కోసం పోగొట్టుకున్నది 6,000 మాత్రమే కాదు. ఉద్యోగి వేసినంతా యజమాని కూడా జమచేసే పథకమైతే నష్టం రెట్టింపు. నాది అలాంటి పథకమే. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటోంది.

పోనీ, తర్వాత ఎక్కువ వేసి పూడ్చుకోవచ్చు కదా? అదే లెక్కన నెలకు 100 చొప్పున 30 ఏళ్లు వేసినవాడికి దాదాపు 1,22,000 చేరుతుంది. పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి 20 ఏళ్లు వేసినవాడికి దాదాపు 52,000. ఆలస్యమైనవాడు మొదటివాడితో సమానం కావాలంటే నెలకు 234 దాకా వేయాలి. వయసు పెరిగేకొద్దీ ఇంటి ఖర్చులు తగ్గుతాయని నమ్మేవాళ్లు ఈ మార్గం ఎంచుకోవచ్చు. నాకైతే ఆ నమ్మకం లేదు.

ఇక ‘సున్నా వడ్డీ’ సంగతి. దీని మీద నాకు కోపం ఎక్కువ, అందుకే కాస్త వివరంగా చెబుతాను. రొక్కం ఇచ్చేవాడికి 92కే వచ్చే వస్తువును మీరు 12 వాయిదాల్లో 100 కట్టి కొంటున్నారనుకోండి. వడ్డీ ఎనిమిదో తొమ్మిదో శాతం అనుకుంటాం. కానీ అప్పు నెలనెలా తరుగుతూ వస్తుంది కాబట్టి, ఏడాది పొడుగునా మొత్తం సొమ్ము మన దగ్గర ఉండదు. సరిగ్గా లెక్కవేస్తే అది ఏడాదికి దాదాపు 16 శాతం. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. కొన్ని ఒప్పందాల్లో ఒక్క వాయిదా తప్పినా మొదటి రోజు నుంచి వడ్డీ వేస్తారు. ఆ షరతు ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇప్పుడే మొత్తం ఇచ్చేస్తే ఎంత తగ్గిస్తారు?

పొడిగించిన వారంటీ కూడా కొన్నాను. కింద పడితే వర్తించదట, తడిస్తే వర్తించదట. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

నా మొదటి ఫోనుకు కావలసింది నిజానికి కొత్త బ్యాటరీ మాత్రమే. లిథియం బ్యాటరీ వాడేకొద్దీ అరిగే సరుకు. చాలా ఫోన్లలో 500 సార్లు పూర్తిగా ఛార్జి అయ్యేసరికి సామర్థ్యం 80 శాతం దగ్గరికి దిగుతుంది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి తెచ్చే కొత్త ఫోన్లకు 800 సార్ల తర్వాత కూడా 80 శాతం నిలవాలని నిబంధన పెట్టారు. మీరు ఎక్కడ కొన్నా, ఆ సంఖ్య ఎంతో, భద్రతా అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో అడిగి తెలుసుకోండి. ల్యాప్‌టాప్ విషయంలోనూ ఇలాగే జరిగింది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని చూపించి నా పాతదాన్ని చెత్తకింద జమకట్టారు. అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకుని మరో ఏడాది వాడుకోవచ్చని గానీ, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవచ్చని గానీ ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పని చేసుకోవడానికి యంత్రం కావలసినవాళ్లు తప్పకుండా కొనండి. దానివల్లే జీతం వచ్చేటప్పుడు అది విలాసం కాదు. కానీ ఆ సొమ్ము చందాలోంచి మాత్రం తీయకండి. చందా జీతం పడిన రోజే దానంతటదే వెళ్లిపోవాలి. వస్తువు కోసం వేరే ఖాతా తెరిచి, అనుకున్న వాయిదాను కొనకముందే అందులో ఆరు నెలలు వేస్తూ చూడండి. మూడో నెలకే విసుగొస్తే ఆ వస్తువు మీకు అంత అవసరం కానట్టే.

ఒక పక్క మాట: నా పాత ఫోను సొరుగులో పడి ఉండి బ్యాటరీ ఉబ్బిపోయింది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే ఛార్జి చేయకండి, పొడవకండి, మామూలు చెత్తలో వేయకండి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.

నా ల్యాప్‌టాప్‌కు ఇంకా నాలుగు వాయిదాలు ఉన్నాయి. అవి తీరేదాకా ఆగకుండా, పాత మొత్తంలో సగంతో చందా మళ్లీ మొదలుపెట్టే ఫారం ఈ ఉదయమే నింపి ఇచ్చాను. ఇంటికి వచ్చేలోపు ఫోనుకు ఒక సందేశం వచ్చింది: మీ పాత ల్యాప్‌టాప్‌కు మంచి ధర ఇస్తాం, సున్నా వడ్డీ, 12 వాయిదాలు.